ఫిబ్రవరిలో కొట్టి చూసిన చెట్టు

తుర్కు పట్టణంలో అవురా నది ఒడ్డున, పెద్ద చర్చి ఎదుటి పార్కులో రెండొందల ఏళ్ల లిండెన్ చెట్టు ఉంది. మొన్న ఫిబ్రవరిలో దాన్ని కొట్టేయాలన్న మాట రాగానే ఊరు భగ్గుమంది. పార్కుల్లో చెట్లు తనిఖీ చేసే ఆస్మో అప్పుడు చెక్క సుత్తి తీసి, లోపల పుచ్చిందో లేదో చప్పుడే చెబుతుందని అందరి ముందూ మాను మీద నాలుగు దెబ్బలు వేశాడు. "విన్నారుగా! రాయిలా ఉంది. మనందరినీ సాగనంపి గానీ ఇది పోదు" అన్నాడు. ఒకటే చప్పట్లు. ముప్పై ఏడేళ్ల ఉద్యోగంలో ఆయనకి అంతకంటే మంచి రోజు లేదు.

మే నెల, అమ్మల పండుగ ఆదివారం. ఆడవాళ్ల పాటల బృందం ఆ చెట్టు కిందే కుర్చీలు వేసుకుంటోంది. అటుగా వచ్చిన ఆస్మో అలవాటు కొద్దీ సుత్తితో ఒక్కటి వేశాడు. డొల్లగా మోగింది. ఇంకో పక్క కొట్టాడు. అక్కడా డొల్లే.

ఆయనకి ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఆ రోజు చలి మైనస్ పద్దెనిమిది. గడ్డకట్టిన మాను లోపల పుచ్చినా రాయిలాగే మోగుతుంది. చలిలో చెట్టును కొట్టి చూడొద్దని శిష్యులకి చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందీ ఆయనే. చప్పట్ల మోజు ఎంత పని చేయిస్తుంది! చెట్టు చుట్టూ అడ్డంగా కట్టడానికి తాడు పట్టుకు రమ్మని శిష్యురాలు హిల్కాకి ఫోన్ చేసి, బృందాన్ని నడిపే మార్తా దగ్గరికి వెళ్లాడు.

"కుర్చీలు తీసేయండి మార్తా. ఈ చెట్టు కింద ఎవరూ ఉండకూడదు."

"పొద్దున్నే పరాచికాలా? నువ్వే కదయ్యా రాయి అన్నావు!"

"పొరపాటు పడ్డాను."

"నువ్వా? పోవయ్యా! రిటైరవుతున్నానని బెంగ పట్టుకుంది నీకు."

అందరూ కిసుక్కున నవ్వారు. ఒక ముసలావిడ కావాలనే మానుకి వీపు ఆనించి, "ఆస్మో గట్టిదన్నాక గట్టిదే" అంది. ఆయన మాటే ఆయనకి అడ్డం పడింది.

హిల్కా తాడుతో వచ్చింది. ఆస్మో గొంతు తగ్గించాడు.

"ఫిబ్రవరిలో నేను కొట్టింది గడ్డకట్టిన మానును."

"తెలుసు పెద్దాయనా. మీరు సుత్తి ఎత్తినప్పుడే తెలుసు."

"మరి నోరు పెగల్లేదేం?"

"నాకు నేర్పిందే మీరు. తర్వాత యంత్రంతో చూసే ఉంటారనుకున్నా. పైగా ఆ చప్పట్లలో మీ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు."

ఆస్మోకి ముందు కోపం వచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఒక కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"వినండి! ఆ రోజు నేను చేసింది పరీక్ష కాదు, గారడీ. మెప్పు కోసం చేశాను. ఈ చెట్టు లోపలంతా కుళ్లిపోయింది. లేవండి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కుర్చీలు నది మెట్ల వైపు కదిలాయి. మానుకి ఆనుకున్న ముసలావిడ ఆయన ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయింది.

హిల్కా తాడు కడుతోంది. ఆస్మో ఆమె పక్కన నిలబడి అడిగాడు.

"ఇన్నేళ్లలో నాకు చెప్పకుండా మింగేసినవి ఇంకేమైనా ఉన్నాయా?"

హిల్కా ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది.

"ఒక్కటి," అంది చివరికి. "వంతెన దగ్గర, పిల్లల ఉయ్యాలల పక్కనున్న మేపుల్ చెట్టు. దాన్నీ మీరు చలిలోనే కొట్టి చూశారు."

ఆస్మో అప్పటికే వంతెన వైపు పరుగందుకున్నాడు.