వదిన కిటికీ కింద హంస

నేను కత్తెర పట్టుకుని ఎదురుగా నిలబడితే చాలు, ఎంత మొండి పొదైనా తనంతట తానే ఏనుగో నెమలో అయిపోయేది. నేను మాలిగా పనిచేసే పార్కులో గాని, బయట గాని నా చేతిలో పాడైన మొక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

మా వదిన దర్జీ. మేడమీద గదిలో కిటికీ పక్కనే ఆవిడ కుట్టుమిషను. అంతకాలం సూదిలోకి దారం ఎక్కించిన కళ్ళు ఆ ఏడు మసకబారడం మొదలుపెట్టాయి. కొన్నాళ్ళకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదని డాక్టరు చెప్పేశాడు.

"ఊరందరికీ పార్కులో బొమ్మలు చేసిపెడతావు. నా కిటికీ కింద పొదేమో తల దువ్వుకోకుండా పడి ఉంది. కళ్ళుండగానే ఓ హంసను చూపించు మరిదీ" అంది వదిన.

"హంసేం ఖర్మ వదినా, రెక్కలు విప్పిన హంసనే చూపిస్తా!"

వాకిట్లో వెనక్కి అడుగులేస్తూ, ఒక కన్ను మూసి చూసుకుంటూ కోశాను. వంపు తిరిగిన మెడ, సన్నటి ముక్కు. మీసం దువ్వుకుని పైకి కేకేశాను. వదిన కిటికీలోంచి వంగి చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది. ఇంతకీ ఈ గరిటె ఎవరి వంటింటికి?"

మేడెక్కి చూశాను. గరిటే! పార్కులో జనం నేల మీద నడుస్తూ చూస్తారు, నా కన్నూ నేలకే అలవాటు పడింది. వదిన పైనుంచి చూస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు. పాడైన మొక్క ఒక్కటీ లేదన్నాను చూడండి, ఆ మాట కొట్టేయండి.

"సరిచేస్తాలే వదినా."

"ఎలా? గుడ్డ తప్పు కోస్తే నేను అతుకేస్తాను. ఆకులకు అతుకేస్తావా? సూదీ దారం ఇవ్వనా?"

కోసిన కొమ్మ మళ్ళీ చిగురించాల్సిందే. పొద్దున్నే నీళ్ళు పోసి ఆ పొదను బతిమాలేవాణ్ణి. చిగురు తాపీగా వస్తోంది, వదిన చూపు తొందరగా పోతోంది. ముందు సూది బెజ్జం పోయింది, తర్వాత దారం రంగు. ఒకనాడు నా ముఖంలోకి చూసి, "మరిదీ, మీసం ఎక్కడ మర్చిపోయావ్?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పొద నిండేసరికి ఆవిడకు వెలుగూ నీడలే మిగిలాయి. అందుకని సన్నటి ముక్కూ, ఈకల గీతలూ మానేశాను. ఈసారి వదినే కిటికీలో కూర్చుని కోయించింది.

"మెడ పక్కన ఇంకా తియ్యి, వెలుగు రానీ. ఆ రెక్క జోలికి పోకు, లావుగానే ఉండనీ!"

ఆఖరి కొమ్మ కోసిన పొద్దున వాకిలంతా పొగమంచు నిండింది. నేల లేదు, గోడ లేదు. తెల్లటి నీళ్ళ మీద తేలినట్టు ముదురుపచ్చ వీపూ, మెడా. చిన్న గాలి వీచింది. కిటికీ చట్రం మీద వదిన చెయ్యి బిగిసింది.

"ఈదుతోంది" అంది, అదెక్కడ బెదిరిపోతుందోనన్నంత మెల్లగా.

నేను నిచ్చెన మీద ఊపిరి బిగబట్టాను. హంస గోడ వెంట జారుకుంటూ గేటు దాకా వెళ్ళింది. రెక్కల నుంచి నీళ్ళు కారుతుండగా వెనక్కి తిరిగి, మెడ ఎత్తి, వదిన వైపు చూసింది.

గేటు దాకా వెళ్ళిందన్నది మాత్రం నా కల్పన. గోడ మలుపు దగ్గరే వెనక్కి తిరిగింది.