రెండు గీతల రాయి

పెద్దకోడలు ఇరవై రెండేళ్ళుగా ఇంటి పనిగదిలో రత్నాల సానచక్రం ముందు కూర్చుంటోంది. చిన్నకోడలు వచ్చి నిండా ఆరేళ్ళు కాలేదు. అయినా ఏ మంచి రాయి వచ్చినా మామగారు "ముందు చిన్నమ్మాయి కన్ను పడనీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలికి ఒళ్ళు మండిపోతుంది. కన్నంటే ఆ పిల్లకొక్కదానికే ఉందా? మిగతావాళ్ళవి గోళీలా?

ఇప్పుడు సంగతి మరీ ముదిరింది. చూపు తగ్గిన మామగారు కిటికీ పక్క బల్ల వదిలేస్తున్నారు. రాయి రంగు ఉన్నదున్నట్టు తెలిసే వెలుతురు ఆ బల్ల మీదే పడుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకే పెద్ద రాళ్ళు, పనిగది మీద పెత్తనం. ఆ బల్ల ఎవరిదో సోమవారం చెబుతానన్నారు. ఆయన ఎవరి పేరు చెబుతారో వేరే చెప్పాలా!

ఆ పనిగదిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు సానపట్టిన రాయిని రెండోవాళ్ళు భూతద్దంతో చూసి, పొట్లం మీద సంతకం పెట్టాలి. అప్పుడే అది గడప దాటుతుంది. శుక్రవారం మధ్యాహ్నం చిన్నకోడలు ఒక పొట్లం తెచ్చి ఆమె ముందు పెట్టింది. లోపల లేత ఊదారంగు రాయి. పైన మామగారి చేతిరాతలో ఆ రత్నం పేరు: స్పినెల్.

"ఎలా వచ్చిందో చూడక్కా," అంది. రోజూలా పక్కన నిలబడకుండా వెళ్ళిపోయింది.

ఎలా రావడమేమిటి, వంక పెట్టడానికి లేకుండా వచ్చింది. పెద్దకోడలు పట్టుదలగా దాన్ని అటూ ఇటూ వంచి తప్పు వెతికింది. అలా వెతుకుతుంటే, పైపలకలోంచి కనిపించే అడుగు పలకల అంచులు ఒక్కో గీతకు రెండేసి గీతలుగా కనిపించాయి. అద్దం తుడిచి చూసింది. కన్ను తుడుచుకుని చూసింది. రెండే.

స్పినెల్ వెలుగును చీల్చదు, అందులో గీత ఒక్కటే కనిపించాలి. రంగులో, బరువులో, గట్టిదనంలో అచ్చం స్పినెల్‌లా ఉండి, వెలుగును రెండుగా చీల్చే రాయి ఒకటుందని ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మామగారు చెప్పారు. దాని పేరు టాఫైట్. బెరీలియం, మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన ఆక్సైడు. స్పినెల్ రాళ్ళ మధ్య దాక్కుని వస్తుందట. జన్మంతా సానపట్టినా ఒక్కటి తగలడం గగనమట. "నాకైతే దక్కలేదమ్మా" అన్నారాయన.

ఆయనకు దక్కనిది ఈ పిల్లకు దక్కింది! తను నోరు విప్పితే మామగారు ఆ పిల్లను ఆకాశానికెత్తేస్తారు. బల్ల ఒక్కటేనా, ఫొటో తీయించి గోడకు తగిలిస్తారు. పెద్దకోడలు కళ్ళలో నిప్పులు పోసుకుంది. పెన్ను తీసి "స్పినెల్, సరిగా ఉంది" అని రాసి సంతకం గీకింది.

శనివారం ఉదయం చిన్నకోడలు తన పనిముట్లు పెట్టెలో సర్దుతూ కనిపించింది.

"ఏంటే ఇది?"

"బల్ల నీదే అక్కా. నేనిక సానపట్టనని నిన్న సాయంత్రమే మామయ్యకి చెప్పేశా. ఎందుకని అడిగితే చెప్పలేదు. నా కళ్ళు పోతున్నాయి."

"కళ్ళు పోవడమేంటి, పిచ్చిదానా!"

"ఆ ఊదా రాయిలో గీతలు రెండేసి కనపడ్డాయి. మామయ్య చూపు తగ్గడం కూడా ఇలాగే మొదలైందిగా, ఒకటి రెండుగా. ఆయన స్పినెల్ అని రాశాక రెండెందుకుంటాయి? నువ్వైనా ఏదో ఒకటి అంటావని ఆశపడ్డా. సంతకం పెట్టేశావు." ముక్కు తుడుచుకుంది. "పోనీలే, నీ కన్ను బాగుంది. అదే చాలు."

మామగారి చేతిరాతను కాదని సొంత కళ్ళను నమ్మినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడు దానికి తోడు తన సంతకం.

పెద్దకోడలు కిటికీ వైపు చూసింది. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. తుడిచింది కూడా ఈ పిల్లే అయ్యుంటుంది. ఊరుకుంటే చాలు, ఆ వెలుతురంతా తనదే. అయినా కడుపుమంట చల్లారలేదు. అన్నీ పోగొట్టుకుంటూ కూడా ఇంత మంచిగా ఎలా ఉంటుందిది?

"నీ కళ్ళకేం రాలేదు," అంది చివరికి. "నాకూ రెండే కనపడ్డాయి. అది స్పినెల్ కాదు, టాఫైట్. పరీక్షకు పంపు, నీకే తెలుస్తుంది."

చిన్నకోడలు ఒక్క గంతులో వచ్చి ఆమె చేతులు పట్టేసుకుంది. "నిజంగానా అక్కా? ఒట్టు?" అని నవ్వింది. నవ్వుతూనే పొట్లం వైపు చూసింది. దాని మీది సంతకం చూసింది. పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేసింది.

"మరి నిన్న..."

"నీ మీద కుళ్ళుతో పెట్టాను," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు పెట్టె మూత వేసింది. పెట్టె తీసుకెళ్ళి కిటికీ పక్క బల్ల ముందు, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది. సాయంత్రానికి ఇంకో రాయి పూర్తి చేసింది. సంతకం కోసం దాన్ని పెద్దకోడలి ముందు నుంచే, చూపు సరిగా ఆనని మామగారి దగ్గరికి తీసుకెళ్ళింది.