ఓర్వల్ గతుకు

రోడ్లు చదునుచేసే గ్రేడర్ బండి బ్లేడు కిందికి దించి ఓర్వల్ మట్టిరోడ్డును గీకుతూ పోతున్నాడు. గులకరాళ్ళు గలగలమంటూ పక్కకు దొర్లుతున్నాయి. నెవాడా ఎడారిలో ఆయన బతుకంతా ఇంతే, చదును చేసిన దారినే మళ్ళీ చదును చేయడం. మోకాళ్ళు అరిగాయి, చెవులు మందగించాయి, మెడ ఎండకు కమిలి ఎర్రబడింది. ఈరోజుతో ఆ పనికి సెలవు. రేపు భార్య డెల్ఫాతో కలిసి ఆమె చెల్లెలి ఊరు బాయిసీకి మకాం మారుస్తున్నాడు.

సేజ్ అనే ఎడారి పొదల్లోంచి రెండు పాత బండి జాడలు వచ్చి రోడ్డును దాటేచోట బ్లేడు పైకెత్తాడు. దాటాక దించాడు. ఎద్దుబండ్లు కట్టుకుని పడమటికి వలసపోయినవాళ్ళ చక్రాలు కోసిన జాడలవి. ఎత్తమని పైవాళ్ళెవరూ చెప్పలేదు. అలా వదిలేయడంతో అక్కడో గతుకు మిగిలిపోయి, దాటిన ప్రతివాడి ఒళ్ళో కాఫీ ఒలికేది. జనం దానికి ఓర్వల్ గతుకని పేరు పెట్టి తిట్టిపోసేవాళ్ళు. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు.

క్యాబిన్లో ఆయన పక్కన నిలబడి పని చూస్తున్న ట్వైలాది రేపటినుంచి ఈ బండి. అంతకుముందు ఆమె లారీ నడిపేది. ఆ దారిలో ఆమె తాగిన కాఫీ కన్నా ఆ గతుకు ఒలికించిందే ఎక్కువ.

"రేపు పొద్దున్నే నా మొదటి పని దీన్ని చదును చెయ్యడమే, పెద్దాయనా."

ఆ మధ్యాహ్నం ఓర్వల్‌కు తిండి సహించలేదు.

సాయంత్రం తిరిగొస్తూ అక్కడే ఇంజిన్ ఆపాడు. ఏటవాలు ఎండలో జాడలు రెండూ నీడలు నింపుకుని కొండదాకా కనబడుతున్నాయి. ట్వైలా దిగి వాటి మధ్య కాస్త దూరం నడిచింది. ఇంత ఇరుకు బండ్లలో ఎలా కూర్చున్నారని అడిగింది. బండినిండా సామానే, మనుషులు పక్కన నడిచేవాళ్ళని చెప్పాడు.

"పిల్లలు కూడానా?"

"పిల్లలూ, చూలాళ్ళూ అందరూను. అంత కష్టపడి నడిచినోళ్ళ దారమ్మాయ్. నా చేతులమీదుగా చెరిగిపోకూడదనుకున్నా. అంతే."

ట్వైలా జాడల్లోంచి తిరిగొచ్చి బండెక్కింది.

పని మానేసినవాడు కంచె గుంజకు బూటు తలకిందులుగా తగిలించడం అక్కడి రివాజు. ఓర్వల్ జాడల పక్కనున్న గుంజకే తగిలించి, ఒంటి బూటుతో ఇల్లు చేరాడు. రెండోదాన్ని తొడుక్కుని ఊరేగుతావా అని డెల్ఫా ఆటపట్టించింది.

మర్నాడు సామాను ఎక్కించుకుని బయల్దేరేసరికి రోడ్డంతా కొత్తగా చెక్కి ఉంది. ట్వైలా తెల్లవారుతూనే వచ్చి వెళ్ళిందన్నమాట. డెల్ఫా పికప్పు నడుపుతోంది. ఆ చోటు దగ్గరపడుతుంటే ఓర్వల్ చూడలేక, చేతిలో కాఫీ కప్పుతో కళ్ళు మూసుకున్నాడు.

బండి ఎగిరిపడింది. కాఫీ మొత్తం ఒళ్ళో పడింది.

"ట్వైలా ఉంచేసిందే," అన్నాడు ఓర్వల్, చురుక్కుమన్న తొడ రుద్దుకుంటూ. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. నీ గతుకు నీకే తగిలిందంటూ డెల్ఫా గుడ్డ అందించింది.

వెనక దుమ్ము అణిగాక, గుంజ మీద అరిగిన మడమ పైకి పెట్టుకుని ఒంటి బూటు మిగిలింది.