అరుగని రెండవ కుర్చీ

నడినెత్తిన నిప్పులు చెఱుగు వైశాఖభానుని ప్రచండకిరణంబులకు రేకులకప్పు పెటపెటలాడుచుండ నగరోపాంతమందలి సినిమా షెడ్డులో ప్లైవుడ్డును థర్మకోలును మేకులును గలిసి కన్న అంతరిక్షనౌక యొకటి వేయిచిల్లుల నల్లగుడ్డయను నక్షత్రమండలమును ముందిడికొని యెచ్చటికిని గదలక నిలిచియుండెను.

ఆ నౌకకు వయస్సు పోయువాడు రంగులపనివాడు కోరాడ సూరప్పడు. కథానాయకుడు నరమాత్రుడు లేని శూన్యమున నలువదియేండ్లు దానిలో నొంటిగా బ్రదికెనట. ఆ నలువదియేండ్లను మూడుదినములలో ఉప్పుకాగితముతోను టీ డికాషనుతోను గోడల కెక్కింపవలెను. సూరప్పడు ఏ పుస్తకమును దిరుగవేయలేదు. ఆలు గతించిన పదునొకండేండ్లుగా తానొక్కడే పడియుండు గది నెఱుగును, అది చాలదా? లేచునప్పుడు అఱచేయి యానుచోట గోడకు జిడ్డు పట్టించెను. గ్లాసు అంచు నొకవైపే యరుగదీసెను. జంటకుర్చీలలో నొకదానిని పీచు బయటపడునట్లు గీకెను. రెండవదానిని ముట్టనేలేదు.

షాటునకు ముందు దర్శకుడు పరాంకుశము వచ్చి చూచి మండిపడెను.

“ఏమయ్యా సూరప్పా! ఇది అంతరిక్షనౌకయా, తుక్కుబస్సా? ఒక కుర్చీని కుక్కలు పీకినట్లు చేసితివి, రెండవదానిని పెండ్లిపీటవలె నుంచితివి! గంటలో అన్నిటికిని వెండిరంగు కొట్టుము. లేదా బ్రష్షు దించి పొమ్ము.”

“రెండవదానిపై నెవరు కూర్చుండిరి బాబూ?”

“ఎవరు కూర్చుందురయ్యా, వాడు ఒంటివాడు గదా!”

“అందుచేతనే అది యరుగలేదు.”

“ప్రేక్షకుని కీ గోల యేల? కొట్టుమనుచుంటిని!”

రంగుడబ్బా మూత తెఱవబడెను. మెఱపే సొగసనుకొను దొరలకు మనుష్యుడు రాచికొని బ్రదికిన జాడ మురికిగానే తోచును.

అంతలో వృద్ధనటుడు త్రిపురాంతకము కథానాయకుని వేషముతో వచ్చి అరిగిన కుర్చీలో జారగిలబడెను. లేచునపుడు ఎవరును జెప్పకయే యాతని యఱచేయి గోడమీది జిడ్డుమరకపై సరిగా నానెను. దర్శకుడు చూచెను. చూచియు, “వెలుగు అటున్నది, ఆ రెండవదానిలో గూర్చుండుడు” అనెను. నటుడు దానియొద్దకు బోయి నిలిచిపోయెను.

“ఇందు నేను గూర్చుండరాదయ్యా. ఎవరికొఱకో యుంచినట్లున్నది.”

పరాంకుశము డబ్బామూత తానే మూసెను.

చిత్రీకరణ ముగిసి గుమ్మడికాయ పగిలిన మధ్యాహ్నమే గునపములు నౌకను గూల్చెను. తెరపై సూరప్పని పేరు పడదు. కట్టినవాని పేరెన్నడు పడినది? తుక్కు మోయువాడొకడు రెండవ కుర్చీ నెత్తి చూపి కేకవేసెను.

“చెక్కుచెదరలేదు మామా, ఇంటికి గొనిపొమ్ము!”

“వద్దురా. అట్టిదే యింట నొకటి యున్నది” అని సూరప్పడు వట్టిచేతులతో నెండలోనికి నడచెను.