గుమ్మడికాయను కిందికి లాగేదెవరు?

సొబ్రాల్‌లో గ్రహణం ముచ్చట తెలియని పిల్లలుండరు. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందని 1919లో గ్రహణం పట్టినప్పుడు బ్రెజిల్‌లోని ఈ ఊళ్ళోనే కొలిచి చూశారు. అందుకే బడిలో సైన్సు ప్రదర్శన అనగానే జసియారా ఆ వంపునే ఎంచుకుంది. నెగ్గితే సముద్రపొడ్డునున్న ఫోర్తలేజాలో రాష్ట్రపోటీకి పంపుతారు. పదహారేళ్ళొచ్చినా ఆమె ఇంకా సముద్రం చూడలేదు.

అమ్మమ్మ జుల్మీరా పడుకునే గుడ్డ ఊయలను బడికి తెచ్చి నాలుగు కుర్చీల మధ్య బిగించింది. మధ్యలో గుమ్మడికాయ పెట్టింది. అది సూర్యుడు. అంచున గోళీ దొర్లిస్తే, గుంట చుట్టూ తిరిగి కాయ దగ్గరికి చేరేది.

"బరువు చోటును వంచుతుంది. చోటు వంగితే దారీ వంగుతుంది. గురుత్వాకర్షణ అంటే అంతే," అని వచ్చినవాళ్ళకల్లా అప్పజెప్పింది.

అమ్మమ్మ కూడా వచ్చింది, రబ్బరు చెప్పులతో, కర్రపెండలం అట్ల మూటతో.

"అది సరేగానీ పిల్లా, కాయ గుడ్డను ఎందుకు కుంగదీసింది?"

"బరువు కదా అమ్మమ్మా."

"బరువంటే నేల లాగుతోందనేగా. మరి ఆకాశంలో సూర్యుణ్ణి కిందికి లాగేదెవరే? అక్కడ కింద ఏముందని?"

తోటిపిల్లలు కిసుక్కున నవ్వారు. "నీ ఊయల చిరుగుతుందని బెంగా అవ్వా?" అన్నాడొకడు. జసియారా చెవులు వేడెక్కాయి.

"అక్షరం ముక్క రాదు, నీకెందుకివన్నీ? ఇంటికెళ్ళు," అనేసింది.

అమ్మమ్మ మూట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కాసేపటికి మార్కులు వేసే ఎవాండ్రు సారు వచ్చారు. అంతా విని, గుమ్మడికాయను వేలితో తట్టారు.

"బాగుందమ్మా. కానీ దీన్ని లాగేది భూమి. గురుత్వాన్ని చెప్పడానికి గురుత్వాన్నే వాడుకున్నావు. ఆ చిక్కు నీకు తోచిందా?"

తోచింది సార్ అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తోచలేదు సార్. మా అమ్మమ్మకు తోచింది. నేనే ఇంటికి పొమ్మన్నాను."

"ఆకాశంలో కిందా పైనా లేవు, ఎవరూ లాగరు. చోటుతోపాటు కాలమూ వంగుతుంది. గుడ్డతో అది చూపించలేం. ఆవిడకు చెప్పు," అని సారు పక్క బల్లకు కదిలారు. బహుమతి ఆ బల్లకే వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి అమ్మమ్మ వట్టి నేల మీద పడుకుని ఉంది. జసియారా గబగబా ఊయలను కొక్కేలకు తగిలించింది.

"గెలిచావా?"

"లేదు."

"మరి ఎవరట లాగేది?"

"ఎవరూ లాగరట. కాలం వంగుతుందట. నాకింకా అర్థం కాలేదు అమ్మమ్మా."

"నాకూ కాలేదులే," అంటూ ఆవిడ ఊయలలోకి ఎక్కింది.

క్షమించమని అడగాలనుకుంది జసియారా. కానీ తల దించుకుని, తాడు పట్టుకుని, ఊయలను మెల్లగా ఊపుతూ నిలబడింది.