రెండో బ్రేకు

పనిరోజున అమ్మాయి మొగుణ్ణీ పిల్లల్నీ వదిలేసి ఒక్కతే దిగిందంటేనే నాకు అనుమానం వేసింది. వచ్చీ రాగానే వంటింట్లో తల్లితో గుసగుసలు మొదలుపెట్టింది. మంచినీళ్ళ వంకతో నేను వెళ్తే ఇద్దరూ టక్కున నోరు మూసుకున్నారు.

"నాన్నా, మీతో మాట్లాడాలి. ముందు ముందు మీ ఇద్దరికీ ఎలాగా అని..."

"అప్పటి సంగతి అప్పుడు. మీ అమ్మకి ఆస్పత్రి టైమైంది," అని తాళంచెవి తీసుకున్నాను.

ఆ మాటలు ఎక్కడ తేలతాయో నాకు తెలీదా? మొదట కారు, తర్వాత ఇల్లు, ఆనక వాళ్ళింట్లో ఓ మూల మంచం. ఏళ్ళ తరబడి డ్రైవింగ్ స్కూలు నడిపినవాణ్ణి. స్కూలు మూసేసినా ఆ కారు వదల్లేదు. నేర్పేవాడి కోసం పక్క సీటు కింద కూడా బ్రేకున్న కారది. మోకాళ్ళ వ్యాయామానికి మా ఆవిణ్ణి అందులో నేనే తీసుకెళ్తాను. ఎడమ మోకాలు తగ్గింది, కుడిది మాత్రం మొండికేసింది. ఆ వ్యాయామం చేయించే పిల్ల కావాలనే సాగదీస్తోందని నా అనుమానం.

మా ఆవిడ ఎప్పటిలా ముందు ఎక్కబోయింది.

"నువ్వు వెనక కాళ్ళు చాపుకో అమ్మా," అంటూ అమ్మాయి ముందు కూర్చుంది. మా ఆవిడ మొహం అదోలా అయింది. అర్థమైంది, నాకు పరీక్ష పెడుతున్నారు! అద్దం చూస్తున్నానా, గేరు సరిగ్గా మారుస్తున్నానా అని ఓరచూపులు. దానికి డ్రైవింగ్ నేర్పిందే నేను, నా దగ్గరా దాని వేషాలు!

"కారు బాగానే ఉందా నాన్నా?"

"భేషుగ్గా ఉంది. ఈమధ్య నా కాలు తగిలీ తగలకముందే ఆగుతోంది."

వెనక మా ఆవిడ దగ్గింది.

మలుపు తిరిగాక ముందున్న బస్సు ఆగింది. నేను చూశాను. చూశాననే అనుకున్నాను.

"నొక్కవే! నీ కాలి దగ్గరుంది చూడు, గట్టిగా నొక్కు!" మా ఆవిడ కేక పెట్టింది.

అమ్మాయి కాలు చాచి తొక్కింది. బస్సుకి జానెడు దూరంలో కారు ఆగింది. నా కాలింకా బ్రేకు మీద పడనేలేదు.

అమ్మాయి బిత్తరపోయి తల్లివైపు తిరిగింది. పాపం, దానికీ ఈ సంగతి తెలీదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అద్దంలో మా ఆవిణ్ణి చూస్తూ అడిగాను.

"చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని..."

ఆవిడ చెయ్యి కుడి మోకాలి మీద ఉంది.

"ఆ కాలితోనా?"

"మరింకే కాలితో తొక్కుతారండీ?"

కోపం ముంచుకొచ్చింది, కానీ ఎవర్ననాలి? సిగ్గుతో చచ్చిపోయాను. కారు రోడ్డు పక్కన ఆపి, తాళంచెవి తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. సీట్లు మారాం. అది బండి కదిలించగానే నా కాలు పాత అలవాటుకొద్దీ రెండో బ్రేకు మీదకి పోయింది.

"కాలు తియ్యండి," అంది వెనకనుంచి మా ఆవిడ. "అది బాగానే నడుపుతుంది."

తీశాను.

"ఇందాక ఏదో మాట్లాడాలన్నావుగా," అన్నాను అమ్మాయితో. "చెప్పు. ముందు మీ అమ్మ మోకాలి సంగతి."