ఇంకొక్క కుబుసం

మాస్టారి గుమ్మం ముందు నిలబడ్డ మేడంకి బెల్లు నొక్కే ధైర్యం చాలలేదు. చేతిసంచిలో రెండు స్పిరిట్ బుడ్లున్నాయి. ఒకదాంట్లో ఉన్నదాన్ని కొత్త జాతి అని లోకానికి చాటింది తనే. రెండోదాంట్లో ఉన్నది ఆ మాట తప్పని నిన్న తేల్చేసింది.

అడవిలో రాలిన ఆకుల కింద బతికే రోకలిబండ పురుగుల మీద ఆవిడ పరిశోధన. మ్యూజియంలో అందరూ చాటుగా రోకలిబండ మేడం అంటారు. వీటిలో ఏది ఏ జాతో చెప్పాలంటే రంగు చూస్తే లాభం లేదు. మగదాని ఏడో కణుపు కింద, కాళ్లకు బదులుగా ఉండే చిన్న కొక్కేలు చూడాలి. కిందటేడు తెచ్చిన ఆకుచెత్తలో దొరికిన మగదానికి ఆ కొక్కేలు పొట్టిగా, మొండిగా, ఏ పుస్తకంలోనూ లేనట్టున్నాయి. ఇంకేముంది, మేడం కాళ్లు నేల మీద ఆనలేదు. బొమ్మలు గీసేసింది, వర్ణన రాసేసింది, తనకీ విద్య నేర్పిన మాస్టారి పేరే దానికి పెట్టేసింది.

పత్రికకి పంపేముందు మర్యాదకి ఆయన్ని మ్యూజియంకి పిలిచి చూపించింది. మాస్టారు మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగి చూశారు.

"ఇది ఇంకా ఎదగలేదేమోనమ్మా. ఇంకొక్క కుబుసం విడిస్తే కొక్కేలు సాగుతాయి. నేనెప్పుడో వర్ణించిన పాత జాతే అనిపిస్తోంది. బతికున్నవి ఉంటే పెంచి చూడు, తొందరేముంది?"

విని ఊరుకోవచ్చుగా! "ముందు మీ కళ్లద్దాలు మార్పించుకోండి మాస్టారూ" అంది. గదిలో అందరూ గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు పాపం?

వ్యాసం అచ్చయింది. ఆకుచెత్తలో మిగిలిన పిల్లల్ని పారెయ్య బుద్ధికాక మేడం ఓ పెట్టెలో ఉంచింది. పోయినవారం వాటిలో ఒకదానికి అవే మొండి కొక్కేలు కనిపిస్తే, రెండో మగది దొరికిందని మురిసిపోయింది. అదే నిన్న కుబుసం విడిచింది. కొక్కేలు పొడుగ్గా సాగి, వంపు తిరిగి, మాస్టారి పాత బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. మేడంకి తల కొట్టేసినట్టయింది. తోటలోకి వదిలేస్తే ఎవరికి తెలుస్తుందని కిటికీ దాకా నడిచింది కూడా. ఛీ, ఎంత సిగ్గుచేటు! అక్కడి నుంచి వెనక్కి వచ్చినందుకు కాదు, అక్కడిదాకా వెళ్లినందుకు రాత్రంతా తనని తాను తిట్టుకుంది.

చివరికి బెల్లు నొక్కింది. మాస్టారి భార్య తలుపు తీశారు.

"రావమ్మా రా! బొత్తిగా నల్లపూసైపోయావు. ఇదిగో చూడు, ఈయన పేరుందని ఫ్రేము కట్టించాను. వచ్చినవాళ్లందరికీ నేనే చూపిస్తున్నా."

గోడ మీద తన వ్యాసం మొదటి పేజీ ఉంది. దాని కింద కుర్చీలో మాస్టారు, ముక్కు మీద కొత్త కళ్లద్దాలు. మూలన మైక్రోస్కోపు మీద దుప్పటి కప్పి ఉంది.

"అదేంటి మాస్టారూ, చూడటంలేదా?"

మాస్టారికి బదులు ఆవిడే అందుకున్నారు. "ఎక్కడమ్మా! నువ్వన్న మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. చూపు బాగానే ఉందని ఆయనంటే ఈయన నమ్మరే! పోరి మరీ ఈ కొత్త అద్దాలు రాయించుకున్నారు. 'అమ్మాయికి కనిపించింది నాకు కనిపించలేదు, ఇంక నేను చూసేదేంటి' అని అప్పుడే ముసుగేసేశారు."

మేడంకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బుడ్లు రెండూ బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పిందే నిజం మాస్టారూ. ఇది మీ పాతదే. నాది తొందర, పైగా పొగరు. ఆ పేరు చెల్లదని రేపే పత్రికకి రాస్తాను."

మాస్టారి భార్య చెయ్యి ఫ్రేము మీదికి వెళ్లి ఆగిపోయింది. మాస్టారు లేచి దుప్పటి తీశారు. రెండో బుడ్డిలోదాన్ని గాజుపలక మీద పెట్టుకుని వంగారు.

"ఎంత బాగా ఎదిగిందీ!" అన్నారు. కాసేపటికి తలెత్తి, కొత్త కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. "అయితే అమ్మాయ్, ఆరోజు నాకు సరిగ్గానే కనిపించిందన్నమాట?"

"సరిగ్గానే కనిపించింది మాస్టారూ." మేడం మెల్లిగా అంది.

"కాస్త గట్టిగా చెప్పు. మా ఆవిడకి వినపడలేదు."

మేడం మళ్లీ చెప్పింది, ఆరోజు మ్యూజియంలో అందర్నీ నవ్వించినంత గట్టిగా.